అడిగిన తేదీ

హైమావతికి కోపం వస్తే ముందు కళ్ళజోడు తీసి పక్కన పెడుతుంది. జర్మనీలో ఫ్రాంక్‌ఫర్ట్ పక్కనున్న ఎష్‌బోర్న్ ఆఫీసులో ఆమెతో పనిచేసినవాళ్ళందరికీ ఈ సంగతి తెలుసు. మీటింగులో ఎవరైనా "ఇది మేం చూసేశాం, మళ్ళీ చూడక్కర్లేదు" అన్నారంటే చాలు, కళ్ళజోడు బల్ల మీదికి వచ్చేది. సాఫ్ట్‌వేరు పరీక్షించడం ఆమె ఉద్యోగం. పదిమంది బాగుందన్నదాన్ని పట్టుకుని ఎక్కడ బాగాలేదో చెప్పినందుకే ఆమెకు జీతం. తణుకులో పుట్టి, హైదరాబాదులో పనిచేసి, ఉద్యోగస్తులకిచ్చే బ్లూ కార్డు వీసా మీద ఇక్కడికి వచ్చి తొమ్మిదేళ్ళయింది. భర్త దశరథ్ కెమ్నిట్జ్ యూనివర్సిటీలో పాఠాలు చెబుతూ శని, ఆదివారాలకు ఇంటికి వస్తాడు. కూరలో ఉప్పు సరిపోయిందని ఆయన చెప్పినా సరే, ఆమె ఇంకో చెంచా తీసుకుని తనే రుచి చూస్తుంది. పాపం ఆయనకు అలవాటైపోయింది.

ఈ గుణం పుట్టుకతో వచ్చింది కాదు. జర్మనీ వచ్చిన రెండో నెలలో ఆఫీసు కాంటీన్‌లో నేర్పించారు. కాయగూరల సూప్ అని బోర్డు ఉంది. ఆమె శాకాహారి. మాంసం ఉందా అని అడిగితే వడ్డించే ఆయన లేదు లేదన్నాడు. మూడు రోజులు తృప్తిగా తాగింది. నాలుగో రోజు చెంచాలోకి గులాబి రంగు ముక్క ఒకటి వచ్చింది. ఇదేమిటని అడిగితే, "అది స్పెక్. రుచి కోసం కాస్త. మాంసం కాదుగా!" అన్నాడు. పందికొవ్వు ముక్క మాంసం కాదట! అబద్ధమాడినవాడినైతే తిట్టవచ్చు. ఇతను నిజమనుకునే చెప్పాడు, ఇతన్ని ఏమనాలి? ఆ గిన్నె అక్కడే పెట్టి, తలుపు తోసుకుని తిన్నగా వంటింట్లోకి వెళ్ళిపోయింది.

అప్పటినుంచి ఎక్కడికి వెళ్ళినా మూడే ప్రశ్నలు. ఏ నూనెలో వండుతారు? నీళ్ళకు బదులు ఇంకేమైనా పోస్తారా? ఇదే పెనం మీద ఇంకేం కాలుస్తారు? ఇవి వడ్డించేవాళ్ళను కాదు, వండేవాళ్ళనే అడగాలి. జవాబు వచ్చాక గోధుమరంగు అట్ట పుస్తకంలో హోటలు పేరు, జవాబు చెప్పినదెవరో, అడిగిన తేదీ రాసుకోవాలి. తేదీ లేని మాట ఆమె లెక్కలో మాటే కాదు. ఫ్రాంక్‌ఫర్ట్ చుట్టుపక్కల తెలుగువాళ్ళలో శాకాహారులెవరు ప్రయాణం కట్టినా ముందు ఆమెకే ఫోన్ చేసేవాళ్ళు. టికెట్లు తర్వాత కొనుక్కునేవాళ్ళు.

2018లో ఆఫీసు పని మీద మూడు నెలలు అమెరికాలో, అరిజోనా ఎడారిలోని టూసాన్ అనే ఊళ్ళో ఉండవలసి వచ్చింది. రైస్ కుక్కర్ పట్టుకెళ్ళు, ఆవకాయ పట్టుకెళ్ళు, ఇండియన్ రెస్టారెంటు ఎక్కడుందో ముందే చూసుకో అని అందరూ ఒకటే పోరు. ఆ మాటంటే ఆమెకు ఒళ్ళుమంట. తొమ్మిది వేల కిలోమీటర్లు ఎగిరివెళ్ళి సాంబారు వెతుక్కునే మనుషులు హాయిగా ఇంట్లోనే కూర్చోవచ్చు కదా! కుక్కర్ వదిలేసి పుస్తకం పట్టుకుని వెళ్ళింది.

వారం తిరిగేసరికి ఆ ఊరి తిండి లోగుట్టు తెలిసింది. మెత్తగా ఉడికించిన చిక్కుడు గింజల ముద్దలో పందికొవ్వు ఉంటుంది. అవతలి మనిషి కనబడేంత పలచగా చేసే గోధుమ రొట్టెకు పిండి కలిపేటప్పుడే పందికొవ్వు వేస్తారు. ఎర్రగా నోరూరించే అన్నాన్ని కోడి ఉడికిన నీళ్ళతో వండుతారు. ఇవేవీ మెనూలో ఉండవు. అక్కడివాళ్ళకు అది చెప్పవలసిన సంగతే కాదు. అడిగి, ఏరుకుని తినే ఓపిక ఉండాలే గానీ, ఆ ఊళ్ళో తిండికి లోటు లేదు. నాగజెముడు లేత మట్టల ముళ్ళు గీరేసి, ముక్కలు కోసి వేయిస్తారు. బెండకాయ జిగురే, కాస్త పులుపు ఎక్కువ. మనం చేలగట్ల మీద తిట్టుకుంటూ నరికే సర్కారు తుమ్మకు చుట్టమైన చెట్టు ఒకటి అక్కడ ఉంది. దాని కాయలు ఎండబెట్టి, పిండి కొట్టి, అట్లు పోస్తారు. బెల్లం వేయకుండానే బెల్లం వాసన వస్తాయి. మిరియం గింజంత మిరపకాయ ఉంది, నలిపి చల్లుకుంటే చెవులు గుయ్యిమంటాయి.

అన్నిటికన్నా ఆమెకు నచ్చింది ఊరికి దక్షిణాన టైర్ల కొట్టు పక్కనున్న నాలుగు బల్లల హోటలు. ఒక ముసలావిడ నడిపేది. భర్తకు గుండె ఆపరేషన్ అయినప్పటి నుంచి ఆవిడ తన వంటింట్లోకి పందికొవ్వు రానివ్వలేదు. అలసందలకన్నా చిన్నవైన ఎడారి గింజలను నూనెలో వండి, మొక్కజొన్న రొట్టెతో పెట్టేది. హైమావతి పుస్తకంలో ఇలా రాసుకుంది: "గింజలకు మొక్కజొన్న నూనె. మామూలు నీళ్ళు. పెనం వేరే. వండే ఆవిడే చెప్పింది, నిలబడి చూశాను. 14 అక్టోబరు 2018."

ఇక డాక్టర్ శాంత గురించి చెప్పాలి. ఆవిడ 1972లో విశాఖపట్నం నుంచి వచ్చి, డార్మ్‌స్టాట్‌లో ముప్పై అయిదేళ్ళు పిల్లల డాక్టరుగా పనిచేసి రిటైరయ్యారు. భర్త పోయారు, పిల్లలు లేరు. కొత్తగా వచ్చిన హైమావతికి ఇల్లు వెతికిపెట్టిందీ, అన్‌మెల్డుంగ్‌కి, అంటే ఊరి ఆఫీసులో చిరునామా నమోదు చేయించడానికి, వెంటబెట్టుకు వెళ్ళిందీ ఆవిడే. హైమావతి "పిన్నీ" అని పిలుస్తుంది. నలభై తొమ్మిదేళ్ళుగా ఈ దేశంలో ఉండి ఆవిడ గుడ్డు కూడా ముట్టలేదు. పూజలూ వ్రతాలూ లేవు. ఎవరైనా అడిగితే, "దేవుడి సంగతి నాకు తెలీదు. నా నోటి సంగతి నాకు తెలుసు" అనేవారు.

2021 మే నెలలో విశాఖలో ఆవిడ అన్నయ్య విశ్వనాథం కరోనాతో పోయాడు. ఆయన కూతురు సరయు టూసాన్ యూనివర్సిటీలో పనిచేస్తుంది. ఆ పిల్ల హైమావతికి ఫోన్ చేసి ఏడ్చింది. "అత్తయ్యకి ఇప్పుడే చెప్పొద్దు ఆంటీ. ఒక్కతే ఉంది, తట్టుకోలేదు. ఇంకా హాస్పిటల్లోనే ఉన్నారని చెబుదాం, ప్లీజ్."

మన ఇళ్ళలో అందరూ చేసేదే కదా. పెద్దవాళ్ళు తట్టుకోలేరని మనమే తేల్చేసి, వాళ్ళ దుఃఖాన్ని మనమే దాచిపెడతాం. ఎవరి మాటా నమ్మని హైమావతి ఆ రోజు ఆ మాట నమ్మింది. ఆరో రోజున శాంత పుట్టినరోజు వచ్చింది. మానేస్తే అనుమానపడుతుందని గుడ్డు లేని కేకు చేసి, ఒళ్ళో పెట్టుకుని ఎష్‌బోర్న్ నుంచి డార్మ్‌స్టాట్ దాకా రైల్లో వెళ్ళింది. శాంత రెండు ముక్కలు తిన్నారు. "అన్నయ్య ఇంకా ఫోన్ చేయలేదేమిటే?" అన్నారు. "హాస్పిటల్లో సిగ్నల్ ఉండదేమో పిన్నీ" అంది హైమావతి.

పదకొండో రోజు సరయు, హైమావతి కలిసి నిజం చెప్పారు. శాంత ఏడవలేదు. ఆ రోజు హైమావతిని నిలబెట్టి అడిగినట్టు ఎవరూ ఎవరినీ అడిగి ఉండరు.

"ముప్పై అయిదేళ్ళు తల్లుల మొహం మీద చెప్పానే, నీ బిడ్డ బతకడని. ఒక్కదానికీ అబద్ధం చెప్పలేదు. నేను తట్టుకోలేనని నీకెవరు చెప్పారు? మా అన్నయ్య పోయిన ఆరో నాడు నాకు కేకు తినిపించావు! నా నోట్లోకి ఏం పోతోందో నాకు తెలియాలా, అక్కర్లేదా?"

ఆ తర్వాత మూడు నెలలు శాంత ఆమె ఫోన్ ఎత్తలేదు. ఆగస్టులో ఆవిడే చేశారు. "హైమా, ఒక్క మాట. నాకు తెలియాల్సింది నీకు తెలిస్తే, తెలిసిన క్షణాన నాకు చెప్పాలి. ఒప్పుకుంటే నాతో మాట్లాడు, లేకపోతే మానెయ్." హైమావతి ఒప్పుకుంది. కానీ ఆ మే నెల నుంచి శాంతకు తిండి సయించడం మానేసింది. మనిషి ఎనిమిది కిలోలు తగ్గింది. ఏం వండి పట్టుకెళ్ళినా నాలుగు మెతుకులు కెలికి వదిలేసేవారు.

అక్టోబరులో అమెరికా తలుపులు తెరుస్తోందని కబురు వచ్చింది. టీకాలు రెండూ వేసుకున్నవాళ్ళు నవంబరు నుంచి వెళ్ళవచ్చు. ఏడాదిన్నరగా ఇళ్ళల్లో మగ్గిపోయిన జనం టికెట్ల మీద పడ్డారు. తెలుగు సంఘం కార్యదర్శి రవీంద్రనాథ్‌కు హుషారు పుట్టుకొచ్చింది. ఆయనకు ఏది చూసినా పీడీఎఫ్ చేసి వాట్సాప్‌లో పెట్టాలనిపిస్తుంది.

"హైమ గారూ, మీ టూసాన్ లిస్టు ఇవ్వండి. అరిజోనా వెళ్ళేవాళ్ళు నాలుగు ఫ్యామిలీలు ఉన్నారు" అన్నాడు.

"అది 2018 నాటిదండీ. కరోనా తర్వాత అక్కడ ఏది తెరిచి ఉందో, ఎవరు వండుతున్నారో తెలీదు. ఒక్కో చోటికీ ఫోన్ చేసి అడిగాక ఇస్తాను. నెల పడుతుంది."

"అబ్బే, గింజలు గింజలే కదండీ. ఏం మారుద్ది?"

"వద్దన్నానా! అడగకుండా నా పేరు పెట్టి ఒక్క అక్షరం బయటికి పంపొద్దు" అని కళ్ళజోడు తీసి మరీ చెప్పింది. ఫోన్‌లో ఆయనకు అది కనిపించలేదు. 2019 ఉగాది పిక్నిక్‌లో ఆమె పుస్తకం చేతులు మారినప్పుడు ఆయన పేజీలన్నీ ఫొటోలు తీసుకున్నాడని ఆమెకు తెలియదు.

నవంబరు ఇరవయ్యో తేదీన శాంత మేనకోడలి దగ్గరికి టూసాన్ వెళ్ళారు. ఇరవై తొమ్మిదో తేదీ సోమవారం రాత్రి ఫోన్ చేశారు. గొంతులో మే నెల తర్వాత మొదటిసారి ప్రాణం వినిపించింది.

"హైమా, నీకు పుణ్యం ఉంటుందే! రోజూ కడుపునిండా తింటున్నా. ఆ చిన్న గింజలు, మొక్కజొన్న రొట్టె. మా అమ్మ చేసిన ఉలవల కూర రుచి అనుకో. సరయు ఆఫీసుకెళ్ళగానే పన్నెండింటికల్లా అక్కడికి నడిచి వెళ్ళిపోతున్నా. ఇవాళ సెలవుట, ఏమీ తోచలేదు."

"ఎక్కడ పిన్నీ?"

"ఎక్కడేమిటే? నీ కాగితంలోనే ఉందిగా, టైర్ల కొట్టు పక్కన."

"నా కాగితమా?"

కాగితం ఫొటో పంపమంది. వచ్చింది. పైన నాగజెముడు బొమ్మ, కింద సంఘం గుర్తు, అందమైన అక్షరాల్లో "టూసాన్‌లో ఎక్కడ తినాలి, ఏం తినాలి - హైమావతి గారు స్వయంగా పరీక్షించినవి". ఏడు చోట్ల పేర్లున్నాయి. తేదీలు లేవు. వండే మనిషి ఎవరో, ఏం చెప్పిందో లేదు. గోధుమ రొట్టె వద్దన్న మాట లేదు. అన్నం వద్దన్న మాట లేదు. పేజీ నిండుగా ఉందని తీసేసి ఉంటాడు మహానుభావుడు!

ఆ హోటలుకు ఆ రోజు ఎన్నిసార్లు చేసినా ఎవరూ ఎత్తలేదు. మర్నాడు మంగళవారం, పిన్ని అక్కడికి వెళ్ళేలోపే అడిగేయవచ్చనుకుంది. జర్మనీలో సాయంత్రం ఏడు గంటలైతే టూసాన్‌లో ఉదయం పదకొండు. వంటబల్ల మీద ఆఫీసు లాప్‌టాప్ మూసేసి, సరిగ్గా ఏడింటికి హైమావతి మళ్ళీ చేసింది. ఎవరో అమ్మాయి ఎత్తింది. వండే ఆవిడతో మాట్లాడాలని చెప్పింది హైమావతి.

"వండేది నేనే" అందా అమ్మాయి. నాయనమ్మ జనవరిలో కరోనాతో పోయిందట. అంతకు పది రోజుల ముందు తాతయ్య పోయాడట. హోటలు నాలుగు నెలలు మూతపడి మళ్ళీ తెరిచారట. హైమావతికి ఆ ముసలావిడ గరిట పట్టుకున్న చెయ్యి గుర్తొచ్చింది. తర్వాత అడగవలసినది అడిగింది.

"గింజలా? పందికొవ్వుతోనే వండుతాం. అసలు రుచి దానిదే. నాయనమ్మ తాతయ్య కోసం మానేసింది గానీ, వాళ్ళమ్మ అలాగే వండేది. ఇప్పుడు అందరూ బాగుందంటున్నారు. మీ దేశపు పెద్దావిడ ఒకావిడ రోజూ వస్తుంది, ప్లేటు తుడిచినట్టు తినేస్తుంది" అని ఆ పిల్ల సంబరంగా చెప్పింది.

ఆ పిల్ల మీద కోప్పడడానికి లేదు. ఏడూ ఇరవైకి రవీంద్రనాథ్‌కు ఫోన్ కలిపింది. అరికాలి మంట నెత్తికెక్కి ఉంది.

"నా పుస్తకంలోంచి తేదీలెందుకు తీసేశారు?"

"ఉగాది పిక్నిక్‌లో తీసుకున్న ఫొటోల్లోంచి దించానండీ, చదవడానికి నీట్‌గా ఉంటుందని తేదీలు తీసేశా. ఏమైంది?"

ఏమైందో చెప్పింది.

"అయ్యయ్యో. సరే, పీడీఎఫ్ డిలీట్ చేసేస్తానండీ. కానీ ఆవిడకి మాత్రం చెప్పకండి. పెద్దావిడ, ఏమైపోద్దో. తెలియకుండా తిన్నదానికి దోషం లేదంటారు."

"దోషం ఎవరికో నాకు తెలుసు!" అంది హైమావతి. "నోరు కట్టుకుని నలభై తొమ్మిదేళ్ళు బతికింది ఆవిడ. ఒక్క పేజీ నీట్‌గా ఉండాలని మీరు దాన్ని మట్టిలో కలిపారు. వద్దన్నాను కదయ్యా! ఈ నోటితో వద్దని చెప్పాను కదా!" ఇంకా చాలా అంది. పది నిమిషాలు అంది. తణుకులో ఆమె చిన్నప్పుడు విన్న తిట్లు కొన్ని మొదటిసారి ఈ దేశంలో పలికాయి. ఆయన మధ్యలో "మీటింగ్ ఉందండీ" అని పెట్టేశాడు.

తర్వాత సరయుకు చేసింది. ఆ పిల్లా అదే పాట. "ఆంటీ, ప్లీజ్, చెప్పొద్దు. సిక్స్ మంత్స్ తర్వాత ఫస్ట్ టైమ్ తింటోంది. చెబితే మళ్ళీ మానేస్తుంది. నేనే ఏదో చెప్పి రేపటి నుంచి వేరే చోటికి తీసుకెళ్తా."

"మేలో కూడా ఇలాగే అన్నావు."

"అప్పుడు నాన్న. ఇది జస్ట్ ఫుడ్ ఆంటీ!"

హైమావతికి ఆ పిల్ల మీద కూడా ఒళ్ళు మండిపోయింది. కానీ, ఏం చెప్పుకోవాలి, ఒక్క నిమిషం ఆ మాట తియ్యగానే తోచింది. చెప్పకపోతే ఎవరికి తెలుస్తుంది? ఆ మనిషి తింటోంది. తిననీ. ఆ హోటలు మూసేశారని రేపు చెబితే సరిపోతుంది. ఈ ఆలోచన తన బుర్రలోనే పుట్టినందుకు ఆమెకు రవీంద్రనాథ్ మీదకన్నా ఎక్కువ కోపం తన మీద వచ్చింది. గడియారం చూస్తే ఎనిమిది కావడానికి పది నిమిషాలుంది. అక్కడ పన్నెండు కావస్తోంది.

ఫోన్ రెండోసారి మోగగానే ఎత్తారు శాంత.

"ఎక్కడున్నారు పిన్నీ?"

"ఇంకెక్కడ, హోటలు బయట గుడారం కింద. కాస్త ముందే వచ్చా. ఇప్పుడే తెచ్చి పెట్టింది ఆ పిల్ల."

"తినకండి."

ఆపకుండా మొత్తం చెప్పేసింది. ముసలావిడ పోయిందనీ, పందికొవ్వనీ, పిక్నిక్‌లో తీసుకున్న ఫొటోలనీ, తేదీలు తీసేసిన కాగితమనీ. చెప్పడం అయ్యాక అటు నుంచి ప్లేటు పక్కకు జరిపిన చప్పుడు వినిపించింది.

"నీకెప్పుడు తెలిసింది?"

"ముప్పావుగంట అయింది."

"ముప్పావుగంట ఏం చేశావు?"

"రవీంద్రనాథ్‌ని తిట్టాను. సరయుతో పోట్లాడాను."

"అంటే, నాకు చెప్పాలా వద్దా అని చూశావు."

లేదనబోయింది హైమావతి. "అవును పిన్నీ" అంది.

"వారం రోజులు తిన్నానే" అన్నారు శాంత. "ఈ నోటితో ఇష్టంగా తిన్నాను. అమ్మ గుర్తొచ్చిందని కూడా చెప్పాను. ఎవరినీ ఒక్క మాట అడగలేదు. ఎందుకడగలేదో తెలుసా? కాగితం మీద నీ పేరుంది కనక."

"నా పేరు నేను పెట్టలేదు పిన్నీ. వద్దని చెప్పాను."

"పుస్తకం నీది. నలుగురి చేతుల్లో పడేసింది నువ్వు. వాడి సంగతి వచ్చాక నేను చూస్తాను. నీ సంగతి నువ్వు చూసుకో."

నిజమే అనుకుంది హైమావతి. ఆ పిక్నిక్‌లో అందరూ మెచ్చుకుంటుంటే మురిసిపోయి పుస్తకం చేతికిచ్చింది తనే.

అవతల శాంత ఆ అమ్మాయిని పిలిచి ఇంగ్లీషులో ఏదో చెప్పడం వినిపించింది. నీ తప్పేం లేదమ్మా, నీ వంట చాలా బాగుంది, నాకు మాత్రం వద్దు. కుర్చీ జరిగింది. అడుగుల చప్పుడు. ఫోన్ పెట్టేయలేదు. హైమావతి చెవికి ఆనించుకుని అలాగే నిలబడింది. ఇంకో మూడు నెలలు ఈ గొంతు వినపడదు, ఈసారి ఆరు నెలలు కూడా కావచ్చు అనుకుంది. ఆ ఎనిమిది కిలోలకు ఇంకో ఎనిమిది తోడవుతాయి అనుకుంది.

"హైమా."

"పిన్నీ."

"ఆ పుస్తకం నీ దగ్గరుందా?"

"ఉంది."

"ఈ వీధిలోనే, నడిచి వెళ్ళేంత దూరంలో ఇంకో చోటేదైనా ఉందేమో చూడు. నీ పాత తేదీ నాకొద్దు. ఇప్పుడు ఫోన్ చెయ్యి. వండేవాళ్ళని పిలిపించి అడుగు. మూడు ప్రశ్నలూ అడుగు. నేనిక్కడ బస్‌స్టాప్ బెంచీ మీద కూర్చుంటాను. తొందరగా కానీ. ఆకలేస్తోంది."

హైమావతి కళ్ళజోడు పెట్టుకుంది. పుస్తకంలో కొత్త పేజీ తీసి, ముందు తేదీ వేసింది. 30 నవంబరు 2021.